ఎంత అన్నది తర్వాత, ఎప్పుడో చెప్పండి: డాలస్ తెలుగు కౌబాయ్స్ అభిమానులకు బహిరంగ లేఖ

ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్, కొప్పెల్, మెకిన్నీ ఎక్కడున్నా ఆదివారం వస్తే మన డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ కోసం టీవీ ముందు కూర్చుని గొంతు పోగొట్టుకునే మిత్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం హనుమాన్ గుడిలో ప్రసాదం వరుసలో నా ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరికీ నలభై లోపే. మన రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) జార్జ్ పికెన్స్‌కు ఏడాదికి మూడు కోట్ల డాలర్లు ఇవ్వాలా, మూడున్నరా అన్న దగ్గర మొదలుపెట్టి, పులిహోర గిన్నె దగ్గరికి చేరేలోపు ‘నీకు ఆట తెలియదు’ అని ఒకరినొకరు అనుకునేదాకా వచ్చారు. వడ్డిస్తున్న ఆవిడ ‘బాబూ, దొన్నె పట్టండి’ అని రెండుసార్లు అనవలసి వచ్చింది. నేనూ ఊరుకోలేదు. ‘ఎంత అన్నది తర్వాత, ఎప్పుడు ఇస్తారో అది చెప్పండి’ అన్నాను. ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ వాళ్ళ గొడవలో వాళ్ళు పడ్డారు. అక్కడ పూర్తి చేయలేకపోయిన మాటే ఈ లేఖ.

మన 2025 సీజన్ ఈ నెల, అంటే 2026 జనవరి, మొదటి ఆదివారంతోనే ముగిసింది. ఏడు గెలిచాం, తొమ్మిది ఓడాం, ఒకటి టై. ప్లేఆఫ్ ఆటలను పిలవని పెళ్ళికి వెళ్ళినవాళ్ళలా ఓ మూల కూర్చుని చూశాం. ఈ జనవరి 28కి మన జట్టు చివరిసారి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచి సరిగ్గా ముప్పై ఏళ్ళు. 1996లో, పిట్స్‌బర్గ్ మీద, 27–17. ఆ రోజు పుట్టినవాళ్ళు ఇప్పుడు ఇంటి అప్పులు కడుతున్నారు. ఆ తర్వాత సూపర్ బౌల్ మాట అటుంచి, దానికి ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్‌కు కూడా మనవాళ్ళు చేరలేదు.

కాబట్టి మనకు మిగిలింది ఈ వాదనల కాలం. ఆట ఉండదు, ఆటగాళ్ళ ఒప్పందాలుంటాయి. ఎవరికి ఎంత, ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, పోయినవాడి నంబర్ ఎవరు తీసుకుంటారు. నాకు ఈ కాలమంటే ఇష్టం, దాచుకోను. కాకపోతే ఏడాదిగా మన మాటల్లో ఒకటి నాకు మింగుడుపడటం లేదు. డబ్బు అడిగిన ప్రతి ఆటగాడినీ మనం ‘కక్కుర్తి మనిషి’ అంటున్నాం. కాలయాపన చేసిన యజమానిని మాత్రం ‘వ్యాపారం తెలిసినవాడు’ అంటున్నాం.

డిసెంబరు 14 సాయంత్రం గుర్తుందా? మన ఆట రాత్రికి, మిన్నెసోటాతో. దానికి ముందు ఒక మిత్రుడి ఇంట్లో చేరి గ్రీన్ బే, డెన్వర్ ఆట చూస్తున్నాం. మననుంచి గ్రీన్ బేకు వెళ్ళిన మైకా పార్సన్స్ మోకాలు పట్టుకుని పడిపోయాడు. మోకాలి లిగమెంటు (ఏసీఎల్) తెగిందని తర్వాత తేలింది. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అంతలో మనలో ఒకరు, చేతిలో సగం కొరికిన మిరపకాయ బజ్జీతోనే, ‘హమ్మయ్య, బతికిపోయాం. ఆ డబ్బంతా మనం పెట్టి ఉంటే?’ అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. నాలుగేళ్ళు మన జట్టుకు ఆడి, ఏ ఏడాదీ పన్నెండుకు తగ్గకుండా మొత్తం 52.5 సాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసిరేలోపే పడగొట్టడం) తెచ్చిన కుర్రవాడు నేలమీద పడి ఉంటే, మనం చిట్టా పద్దు చూసుకుని మురిశాం. ఆ రాత్రి మనమే ఓడిపోయాం. నాకు దానికంటే ఆ నవ్వే ఎక్కువ బాధ కలిగించింది.

ఇంతకీ పార్సన్స్ చేసిన నేరమేమిటి? 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకోవడం) పన్నెండోవాడిగా వచ్చాడు. నాలుగేళ్ళు ఆడాడు. ఐదో ఏడాదికి జట్టు తన హక్కు వాడుకుని 2.4 కోట్ల డాలర్ల దగ్గర కట్టిపడేసింది. 2025 మార్చిలో యజమాని జెర్రీ జోన్స్ అతన్ని నేరుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు, ఏజెంటు లేకుండా. అంతా కుదిరిపోయిందని యజమాని అనుకున్నాడు. ఏజెంటు లేని మాట ఒప్పందం కాదని ఆటగాడి పక్షం అంది. జూలైలో ఆక్స్‌నార్డ్ శిక్షణ శిబిరం ప్రారంభోత్సవంలో జనం ‘మైకాకు డబ్బివ్వండి’ అని అరిచారు. ఆగస్టు 1న తనను వేరే జట్టుకు పంపేయమని అతనే బహిరంగంగా అడిగాడు. ఆగస్టు 28న గ్రీన్ బేకు పంపేశారు. బదులుగా డ్రాఫ్ట్‌లో రెండు మొదటి రౌండు అవకాశాలు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు వచ్చారు. గ్రీన్ బే అతనికి నాలుగేళ్ళకు 18.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది, అందులో 12 కోట్లు సంతకం రోజునే గ్యారంటీ.

ఇప్పుడు ఆ ఏడాది బజారు ధర ఎలా నడిచిందో చూడండి. మార్చిలో మాక్స్ క్రాస్‌బీకి ఏడాదికి 3.55 కోట్లు. అదే నెలలో మైల్స్ గారెట్‌కు 4 కోట్లు. జూలైలో టి.జె. వాట్‌కు 4.1 కోట్లు. ఆగస్టు చివర పార్సన్స్‌కు 4.7 కోట్లు. ఐదారు నెలల్లో ఒకే రకం ఆటగాడి ధర అంత పెరిగింది. ఫ్రిస్కోలో ‘వచ్చే ఏడాది కొందాంలే, కాస్త తగ్గుతుంది’ అని 2019లో ఇల్లు కొనకుండా ఆగినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు? వాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు అమ్మేవాడిని కక్కుర్తి మనిషి అంటామా? ఆగినందుకు మనల్ని మనమే తిట్టుకుంటాం.

ఇది ఒక్క పార్సన్స్ కథ అయితే నేను ఇంత రాయను. 2016లో నాలుగో రౌండులో, 135వ స్థానంలో దొరికిన మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ నాలుగేళ్ళు కలిపి 27 లక్షల డాలర్ల చిల్లరకు ఆడాడు. లీగ్‌లో మొదటి శ్రేణి క్వార్టర్‌బ్యాక్‌కు ఆ రోజుల్లో రెండు మూడు ఆటలకు వచ్చే డబ్బు అది. తర్వాత తేల్చవలసిన సమయంలో తేల్చకుండా 2020లో ఫ్రాంచైజ్ ట్యాగ్ వేశారు. ట్యాగ్ అంటే తెలుసు కదా, ‘ఈ ఏడాది నువ్వు ఎక్కడికీ పోవడానికి వీల్లేదు, ఇదిగో ఒక ఏడాది జీతం’ అనడం. అక్టోబరులో అతని చీలమండ విరిగి, పాదం పక్కకు తిరిగిపోయింది. ఆ దృశ్యం చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. అయినా అయిదు నెలలు తిరక్కుండా 16 కోట్ల ఒప్పందం ఇచ్చారు. మళ్ళీ 2024లో అదే నాటకం: సీజన్ తొలి ఆట రోజు పొద్దున, ఇంకాసేపట్లో క్లీవ్‌లాండ్‌లో మైదానంలోకి దిగుతారనగా, 24 కోట్ల డాలర్లకు సంతకం. ఏడాదికి 6 కోట్లు, లీగ్ చరిత్రలో అంతవరకూ ఎవరికీ ఇవ్వనంత. రిసీవర్ సీడీ ల్యాంబ్ కూడా ఆ వేసవి శిబిరం మొత్తం ఎగ్గొట్టాక, ఆగస్టు 26న 13.6 కోట్లకు కుదిరాడు. ఇవ్వనన్న డబ్బు ప్రతిసారీ ఇచ్చారు. ఆలస్యంగా, ఎక్కువగా, ఆటగాడి పరువు రోడ్డుకీడ్చాక.

ముందే తేల్చుకోవచ్చు కదా అంటే, క్యాప్ ఉంది కదా అంటారు మీరు. ఈ శాలరీ క్యాప్ గురించి మనలో చాలామంది వడ్డీలెక్కల మాస్టారిలా మాట్లాడతారు గానీ, నిజానికి అది మన ఊళ్ళలోని చీటీ పాటే. ప్రతి జట్టూ ఏడాదికి ఇంతకంటే జీతాలు ఇవ్వకూడదని లీగ్ గీత గీస్తుంది. 1994లో మొదలైనప్పుడు ఆ గీత 3.46 కోట్ల డాలర్ల దగ్గర ఉంది, 2025లో 27.92 కోట్లకు చేరింది. ఆటగాడికి సంతకం బోనస్‌గా ఈ రోజు ఐదు కోట్లు ఇస్తే, ఖాతాలో మాత్రం ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్ళు రాసుకోవచ్చు. అంటే చీటీ మొదటి నెలలోనే పాడుకుని, తర్వాత నెలనెలా కట్టుకుంటూ పోవడం. 2025 మార్చిలో డాక్, ల్యాంబ్ ఒప్పందాలను తిరగరాసింది ఇందుకే, చేతిలో చోటు మిగుల్చుకోవడానికి. చిక్కెక్కడంటే, రెండేళ్ళకే ఆ ఆటగాడిని తీసేస్తే మిగిలిన మూడు కోట్లూ ఒక్కసారిగా మెడకు చుట్టుకుంటాయి. డెడ్ మనీ అని వాళ్ళంటారు. అమ్మేసిన బండికి వాయిదాలు కట్టడమని మా నాన్న అనేవారు, వేరే సందర్భంలో.

చీటీ లెక్క తెలిసిన మనకు ఒకటి అర్థం కావాలి. గీత ఏటేటా పైకే పోతున్నప్పుడు, ఈ రోజు ఖరీదుగా కనిపించిన ఒప్పందం మూడేళ్ళకు చౌకగా కనిపిస్తుంది. తొందరగా సంతకం చేయించిన జట్టుకే లాభం. ఇది తెలియని మనిషి కాదు జెర్రీ జోన్స్. 1989లో 14 కోట్ల డాలర్లకు కొన్న జట్టు విలువను ఫోర్బ్స్ 2024లో వెయ్యి కోట్ల డాలర్లకు పైన కట్టింది. మరి ఎందుకు ఆలస్యం చేస్తాడు? వేసవి అంతా టీవీల్లో మన జట్టు పేరే వినపడటానికని నా అనుమానం. మనం వాదించుకుంటున్నంతసేపూ ఆయన దుకాణం నడుస్తూనే ఉంటుంది. గుళ్ళో ప్రసాదం వరుస దాకా వచ్చిందంటే ఎంత బాగా నడుస్తోందో చూడండి.

ఆయనకు ఈ పాఠం 1993లోనే చెప్పారు. నేను అప్పటికి ఈ దేశం రాలేదు, ఇర్వింగ్‌లో మా పాత ఇంటి యజమాని చెబితే విన్నాను, తర్వాత చదివి సరిచూసుకున్నాను. అంతకుముందు సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచారు. బంతితో పరుగెత్తే ఎమిట్ స్మిత్ ఒప్పందం అయిపోయింది, డబ్బు తేలలేదు, అతను రాలేదు. మొదటి ఆట వాషింగ్టన్ చేతిలో 35–16తో ఓడారు. రెండో ఆట బఫెలో చేతిలో 13–10. ఆ ఆట అయ్యాక మన డిఫెన్స్ ఆటగాడు చార్ల్స్ హేలీ కోపం పట్టలేక హెల్మెట్‌ను గోడకేసి కొట్టాడు. ఆ వారంలోనే ఎమిట్‌కు నాలుగేళ్ళకు 1.36 కోట్ల డాలర్లు ఇచ్చారు. అతను వచ్చాడు, సీజన్‌కూ సూపర్ బౌల్‌కూ కూడా ఉత్తమ ఆటగాడయ్యాడు, జట్టు మళ్ళీ గెలిచింది. మొదటి రెండు ఆటలూ ఓడి సూపర్ బౌల్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు. 2025లో అలా హెల్మెట్ విసిరేవాడు లేకపోయాడు.

నేను ఈ దేశం వచ్చింది 1999లో. నలుగురం కలిసి టెక్సాస్ స్టేడియానికి దగ్గర్లో అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. పైకప్పు మధ్యలో ఆకాశం కనిపించే ఆ స్టేడియం ఇప్పుడు లేదు, 2010లో ఒక ఆదివారం పొద్దున పేల్చి కూల్చేశారు. మొదట్లో ఈ ఆట నాకు కబడ్డీనీ భూముల సర్వేనీ కలిపినట్టు ఉండేది. పదిమంది మీద పడి లాగేస్తారు, తర్వాత ఇద్దరు గొలుసు పట్టుకొచ్చి గజాలు కొలిచేవారు. గొలుసు కొలత నాకు నచ్చింది. మా తాతగారి ఊళ్ళో సర్వేయరు వచ్చిన రోజు ఊరంతా గట్టు మీద నిలబడి చూసినట్టే, ఇక్కడ అరవై వేల మంది లేచి నిలబడి అంగుళం కోసం ఊపిరి బిగబట్టేవారు.

ఆ అపార్ట్‌మెంటులో ఉండగానే నా మొదటి ఉద్యోగం పోయింది, 2001లో. తర్వాత 2009లో ఇంకొకటి. రెండుసార్లూ అంతకుముందు నెల వరకు నా పని అద్భుతమన్నవాళ్ళే. అందుకే ఒక మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. మనం ఆఫర్ లెటర్ రాగానే చేసే మొదటి పని ఏమిటి? జీతం ఎంత, జాయినింగ్ బోనస్ ఎంత, షేర్లు ఎన్నేళ్ళలో చేతికొస్తాయి, ఈలోపు తీసేస్తే ఏమిస్తారు. నాలుగుచోట్ల కనుక్కుని, పక్కవాడికి ఎక్కువిచ్చారని తెలిస్తే రాత్రి నిద్రపోం. చేతిలో రెండో ఆఫర్ పెట్టుకుని మొదటి కంపెనీతో బేరమాడని మనిషి ఈ లేఖ చదివేవారిలో ఉంటే చేయెత్తండి. మన ఉద్యోగం అరవై ఏళ్ళ దాకా చేయవచ్చు. వీళ్ళది, ఆటగాళ్ళ సంఘం చెప్పే లెక్క ప్రకారం, సగటున మూడేళ్ళు దాటి కొంచెం. మనకు లేని తెగింపు వాళ్ళలో చూసి మనం తప్పు పడుతున్నామేమో!

పైగా ఆ ఒప్పందాల మీద రాసిన మొత్తం నిజం కాదు. మన డిఫెన్స్ ఆటగాడు ట్రెవాన్ డిగ్స్ 2023 జూలైలో ఐదేళ్ళకు 9.7 కోట్లకు సంతకం చేశాడు. 2025 డిసెంబరు చివర్లో, సీజన్ పూర్తి కాకుండానే, తీసేశారు. ఐదేళ్ళు కాదు, మూడో ఏడు కూడా నిండలేదు. పేపరులో వచ్చే పెద్ద అంకెను నమ్మి ‘ఇంత ఇచ్చారా’ అని గుండెలు బాదుకోకండి. గ్యారంటీ ఎంత అన్నదే జీతం, మిగతాదంతా పెళ్ళి చూపుల్లో చెప్పే ఆస్తి వివరం.

ఇంత చెప్పాను కాబట్టి నా తప్పూ చెప్పాలి. 2019లో ఎజెకీల్ ఎలియట్ శిబిరానికి రాకుండా మెక్సికో వెళ్ళి కూర్చున్నప్పుడు, ‘వెంటనే డబ్బిచ్చి తీసుకురండి’ అని మా క్లబ్‌హౌస్‌లో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అప్పటికి రెండుసార్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు పరుగెత్తినవాడు. ఆరేళ్ళకు 9 కోట్లు ఇచ్చారు. తర్వాత ఏటికేడు అతని వేగం తగ్గింది, 2023 మార్చిలో తీసేశారు. పరుగెత్తేవాడి కాళ్ళు తొందరగా అరుగుతాయి, అతనికప్పటికే తొలి ఒప్పందం ఇంకా రెండేళ్ళు మిగిలి ఉంది. కాబట్టి తొందరగా ఇవ్వడం అన్నిసార్లూ సరైనదని నేను అనడం లేదు. ఎవరికి, ఏ వయసులో, ఏ స్థానంలో అన్నది చూడాలి. ఇరవై ఆరేళ్ళ పార్సన్స్ ఆ లెక్కలోకి రాడు. నాకు ఎదురు వాదించిన మిత్రుడు అప్పుడు సరిగ్గా చెప్పాడు. ఈ లేఖ ద్వారా ఒప్పుకుంటున్నాను, ఇక ప్రతి పండక్కీ గుర్తు చేయనవసరం లేదు.

ఇక నంబర్లు. నాకు అసలు ఇష్టమైన గొడవ ఇది.

మా అమ్మ తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నా జెర్సీ ఉతికి ఆరేస్తూ వీపు మీది అక్షరాలు చూసింది. ‘రోమో ఎవరురా?’ అంది. మన క్వార్టర్‌బ్యాక్ అని చెప్పాను. ‘నీకు పేరు లేదా, ఇంకొకడి పేరు వీపున వేసుకుని తిరుగుతున్నావు?’ అంది. ఇరవై ఏళ్ళయినా దానికి జవాబు దొరకలేదు. ఇప్పుడు మా అలమరలో రెండు 9లు, ఒక 21, ఒక 54, ఒక 11 ఉన్నాయి. వాటిల్లో ఒక్కడూ జట్టులో లేడు.

ఆ 54 కథ చెప్పాలి. జేలన్ స్మిత్ 54 వేసుకుని ఆడాడు, నేను కొన్నాను. 2021లో లీగ్ నంబర్ల నిబంధనలు సడలించింది, డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్లు కూడా చిన్న నంబర్లు వేసుకోవచ్చంది. పార్సన్స్‌కు 11 దొరికింది ఆ సడలింపు వల్లనే. స్మిత్ తన కాలేజీ నంబర్ అయిన 9కి మారతానన్నాడు. అది పదేళ్ళకు పైగా టోనీ రోమో వేసుకున్నది. మనవాళ్ళు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. అదే ఏడాది మారాలంటే దుకాణాల్లో మిగిలిన పాత నంబర్ జెర్సీల సరుకు ఖర్చు ఆటగాడే భరించాలి, అదీ నిబంధన. అతను మారాడు. అక్టోబరులో అతన్ని తీసేశారు. సీజన్‌లో నాలుగు ఆటలు, అంతే. ఆ 9 ఇప్పుడు కవాంటే టర్పిన్ వేసుకుని, కిక్ పట్టుకుని గాలిలా పరుగెడుతున్నాడు. ‘రోమో నంబర్ ముట్టుకుంటే శాపం’ అన్న మిత్రుడు ఈ మధ్య టర్పిన్ 9 కొన్నాడు.

కౌబాయ్స్ ఏ నంబర్‌నూ అధికారికంగా పక్కన పెట్టదు. అయినా పాత దిగ్గజాలు స్టాబాక్ 12, ఎయిక్‌మన్ 8, ఎమిట్ 22, బాబ్ లిల్లీ 74 ఎవరికీ ఇవ్వరు. రాయని చట్టం అది. 88 సంగతి దానికి తలకిందులు. అది దాచిపెట్టే నంబర్ కాదు, చేతులు మారే నంబర్. డ్రూ పియర్సన్, మైకేల్ ఇర్విన్, డెజ్ బ్రయంట్, ఇప్పుడు ల్యాంబ్. ల్యాంబ్ 10 అడిగితే 88 వేసుకోమన్నది జెర్రీయేనట. ఇంటి పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టినట్టు. అయితే ఇర్విన్‌కూ డెజ్‌కూ మధ్య ఆ నంబర్ వేసుకున్న జాకీ హారిస్, ఆంటోనియో బ్రయంట్ పేర్లు మనమెవరం తలచుకోం. తాత పేరు పెట్టిన మనవలందరూ తాతలు కారు. పోయిన సీజన్‌లో టోనీ డోర్సెట్ 33 వేసుకున్న జావోంటే విలియమ్స్‌ను చూడండి. ఏడాది ఒప్పందం మీద, చిన్న మొత్తానికి వచ్చి, 1,200 గజాలు దాటించాడు. నంబర్ గురించి ఎవరూ గొడవపడలేదు, అతనూ పడలేదు.

94 ఎవరికిస్తారని మాత్రం ఇప్పుడే అడగకండి. మార్షాన్ నీలాండ్ నవంబరు 3న అరిజోనా మీద, అడ్డుకున్న పంట్‌ను (ప్రత్యర్థి తన్నిన బంతిని) ఎండ్ జోన్‌లో పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. ఆ వారంలోనే, 24 ఏళ్ళకే కన్నుమూశాడు. ఒకప్పుడు డిమార్కస్ వేర్ వేసుకున్న ఆ నంబర్ అతనిది. కొన్నాళ్ళు అతనిదిగానే ఉండనివ్వండి.

జట్టు భవిష్యత్తు మీద నాకు మీ అంత నమ్మకమూ లేదు, మీ అంత నిరాశా లేదు. పార్సన్స్ పోయిన ఏడాది మన డిఫెన్స్ లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు ఇచ్చుకుంది. గ్రీన్ బే వచ్చిన రోజు 40–40 టై చేసుకుంటే మనం పండగలా చూశాం, నలభై ఇచ్చామన్న సంగతి మరచి. డిఫెన్స్ శిక్షకుడు మాట్ ఎబర్‌ఫ్లూస్‌ను ఈ నెలలో పంపేశారు. నవంబరులో జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చుకున్నారు, బదులుగా ఈ ఏడాది రెండో రౌండు, 2027 మొదటి రౌండు అవకాశాలూ, మజీ స్మిత్ అనే ఆటగాడినీ ఇచ్చి. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో మొదటి రౌండులో మనకు రెండు అవకాశాలున్నాయి, ఒకటి మనది, ఒకటి గ్రీన్ బేది. రెండింటితోనూ డిఫెన్స్ వాళ్ళనే తీసుకోవాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, రిసీవర్ అన్నవారితో నేను మాట్లాడను.

ఎందుకంటే రిసీవర్ ఉన్నాడు. పిట్స్‌బర్గ్ వద్దనుకుని పంపిన పికెన్స్ మన దగ్గర 1,400 గజాలు దాటించాడు. అతని తొలి ఒప్పందం ఈ సీజన్‌తో తీరిపోయింది. మళ్ళీ ట్యాగ్ వేసి జూలై దాకా ఈడుస్తారా, మార్చిలోనే కూర్చోబెట్టి తేలుస్తారా? ఈసారి ఏజెంటును కూడా పిలుస్తారా? గుళ్ళో నేను అడగబోయింది ఇదే.

ఇంకొకడున్నాడు, అతని గురించి మనమెవరం గొంతు చించుకోవడం లేదు. కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ, నంబర్ 17. మన పక్క ప్లానోలో పెరిగినవాడు. కాలేజీలో కాళ్ళతో ఆడే ఫుట్‌బాల్ ఆడాడు, టొరంటో క్లబ్ తీసుకుంది, అక్కడ నిలదొక్కుకోలేక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు టీవీలో ఎవరో కిక్ తప్పితే, ‘ఇది నువ్వు చేయగలవు’ అని భార్య అన్నదట. 28 ఏళ్ళకు ఈ లీగ్‌లోకి వచ్చి, తొలి 35 ఫీల్డ్ గోల్ ప్రయత్నాల్లో ఒక్కటీ తప్పలేదు. సెప్టెంబరులో జెయింట్స్ మీద గడియారం అయిపోతుండగా 64 గజాల నుంచి కొట్టి ఆటను నిలబెట్టినప్పుడు, మా పై అంతస్తువాళ్ళు నేలను తన్నారు, అంతగా అరిచాను. 2025 దాకా మూడు సీజన్లు లీగ్ కనీస వేతనానికి దగ్గర్లోనే ఆడాడు. లాగిన్ అయి టికెట్లు మూసే బతుకు నుంచి వచ్చిన మనిషి. ఇతను జీతం పెంచమంటే కూడా కక్కుర్తి అంటామా?

మా అబ్బాయి వయసు పదిహేడు. ఆగస్టు 28 తర్వాత వాడు 11 జెర్సీ వేసుకోవడం మానేశాడు గానీ పారేయనివ్వలేదు. పోయిన వారం ‘నాన్నా, 11 కొత్తవాడికి ఇస్తే ఇది పనికొస్తుందా?’ అన్నాడు. పేరు వేరుగా ఉంటుంది కదా అన్నాను. ‘నానమ్మ అన్నట్టు నా పేరు కుట్టించుకుంటా’ అన్నాడు. ప్లానోలో జెర్సీల మీద అక్షరాలు విప్పి మళ్ళీ కుట్టే దర్జీ ఎవరైనా తెలిస్తే నాకు చెప్పండి.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా క్లబ్‌హౌస్‌లో కలుద్దాం. పులిహోర మా ఇంటిది, బజ్జీలు ఎవరు తెస్తారో మీలో మీరు తేల్చుకోండి. నిబంధన ఒక్కటే: పికెన్స్ మాట ఎత్తినవారు మొదట గ్యారంటీ ఎంతో, సంతకం ఏ నెలలోనో చెప్పాలి. తర్వాతే దొన్నె.

మీ
ఇర్వింగ్ పాత కాపు
(ప్రస్తుతం ఫ్రిస్కో)